పోయిన వస్తువు – దొరికిన వస్తువు

ప్రతి విద్యాసంవత్సరము ముగియు సమయమున మా కార్యాలయములోని చెక్క బీరువాను తెఱచి చూచినపుడు మాకు కొంత ఆశ్చర్యమును, కొంత విచారమును కలుగుచుండును. గొడుగులు, నీళ్లసీసాలు, అన్నపు డబ్బాల మూతలు, జామెట్రీ పెట్టెలు, ఒంటి చెప్పులు, చేతి గడియారములు – ఇవన్నియు మన బిడ్డలు పోగొట్టుకొన్నవే. ఇవి దొరకని వస్తువులు కావు. దొరికియు, అడుగువారు లేక మిగిలిపోయినవి. ఇట్లేల జరుగుచున్నదో తల్లిదండ్రులతో కలిసి ఆలోచింపవలెనని యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

కొన్నేండ్ల క్రిందట ఐదవ తరగతి బాలిక యొకతె కాలి వెండిపట్టీ పోగొట్టుకొన్నది. అది అమ్మమ్మ చేయించి యిచ్చినది. బాలిక ఇంటిలో చెప్పలేదు, ఉపాధ్యాయినికిని చెప్పలేదు. పావడాను క్రిందికి దించుకొని మూడు దినములు ఎవరి కంటను పడకుండ తిరిగినది. నాలుగవ దినమున తల్లి చూచి, బిడ్డను కొట్టి, ఏడ్చుచున్న దానిని వెంటబెట్టుకొని మా యొద్దకు వచ్చినది. ఆ పట్టీ మొదటి దినముననే మా బీరువాను చేరియున్నది. వరండా నూడ్చు ఆయమ్మ దానిని తెచ్చి మాకిచ్చినది. 'పోగొట్టుకొన్నవారే వచ్చి అడుగుదురు గదా' యని మేమూరకుంటిమి. ఆ తప్పు మాది. అప్పటినుండి ప్రతి సోమవారము ప్రార్థనానంతరము దొరికిన వస్తువులను ప్రకటించుచున్నాము.

ఆ మూడు దినముల బాధకు కారణము పట్టీ పోవుట కాదు, చెప్పుటకు భయము. వస్తువును పోయినచోటనే వెదకవలెనని పెద్దలందురు. వెంటనే వెదకవలెనని మేము చేర్చుచున్నాము. దెబ్బలకు జంకిన బిడ్డ మొదట మౌనము వహించును, పిమ్మట అబద్ధమాడును. వస్తువుతోపాటు సత్యమును పోవును. కావున బిడ్డ వచ్చి 'పోయినదమ్మా' యని చెప్పినపుడు, 'ఎక్కడ? ఎప్పుడు?' అని మొదట అడుగుడు. అజాగ్రత్తకు మందలింపు పిమ్మట ఉండవచ్చును.

ఇక దొరికిన వస్తువు మాట. బిడ్డ ఇతరుల కలమును ఇంటికి తెచ్చినపుడు, 'దొరికినది గదా, ఉంచుకో' యని పలుకు పెద్దలు కొందఱు కలరు. బడిలో సంవత్సరమంతయు చెప్పిన నీతి ఆ యొక్కమాటతో తుడిచిపెట్టుకొనిపోవును. మనుస్మృతి యెనిమిదవ అధ్యాయమున, యజమాని తెలియని ధనమును రాజు మూడు సంవత్సరములు భద్రపఱుపవలెననియు, 'ఇది నాది' యని వచ్చినవాడు దాని రూపమును, సంఖ్యను చెప్పిన పిమ్మటనే పొందవలెననియు ఉన్నది. మా సోమవారపు ప్రకటనలోను వస్తువు పేరే చెప్పుదుము. రంగును, గుర్తులను అడుగువచ్చినవారే చెప్పవలెను.

నేటి చట్టమును ఈ విషయమున స్పష్టముగనే యున్నది. 1872వ సంవత్సరపు భారత కాంట్రాక్టు చట్టము 71వ సెక్షను ప్రకారము, ఇతరుల వస్తువు దొరికి దగ్గర నుంచుకొన్నవానికి, నమ్మి యప్పగించిన సొత్తును కాపాడువానికి గల బాధ్యతయే కలదు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షను, అట్టి వస్తువును దురుద్దేశముతో తనదిగా చేసికొనుటను నేరముగా నెంచుచున్నది. యజమాని ఎవరో తెలియదనినంత మాత్రమున చాలదు. తెలిసికొనుటకు తగిన ప్రయత్నము చేసి, తగినంతకాలము వేచియుండవలెను. తిరిగి యిచ్చుటకై తీసి దాచినవాడు మాత్రము దోషి కాడు. జపాను దేశమున దొరికిన వస్తువును పోలీసులకప్పగించుట పిల్లలకును అలవాటు. అచట దానిని మూడు మాసములు భద్రపఱచి యజమాని కొఱకు చూతురు.

మూడవ విషయము మన పెరంబూరువారికి ముఖ్యమైనది. రైల్వే కర్మాగారములలోను, 1996లో మూతబడిన బిన్నీ మిల్లులోను పనికై వచ్చిన పలుభాషలవారితో ఈ పేట పెరిగినది. మన వస్తువు దొరుకువారు తెలుగు చదువనేర్తురన్న నిశ్చయము లేదు. ఒకమారు మా విద్యార్థి సంచి బస్సు స్టాపులో మిగిలిపోయినది. పేరు, తరగతి, పాఠశాల చక్కని తెలుగులో వ్రాసియున్నవి. పూలమ్ము నొక తమిళ వృద్ధురాలు దానిని తీసి, చదువలేక, తన అంగడిముందు వారముదినములు వ్రేలాడదీసినది. దారిన పోవు తెలుగువారొకరు చదువుటచే అది మాకు చేరినది. ఆ యవ్వ మంచితనమునకు లోటు లేదు. లోటు మన చిరునామాలో నున్నది. 2006వ సంవత్సరపు తమిళాభ్యసన చట్టము పిమ్మట మన బిడ్డలును బడిలో తమిళము నేర్చుచున్నారు. కావున పుస్తకముల సంచిపై, అన్నపు డబ్బాపై పేరును తెలుగుతోపాటు తమిళమునను, ఇంగ్లీషునను వ్రాయింపుడు. అందువలన మన భాషకు చిన్నతనము లేదు.

పెద్దలకును రెండు మాటలు. రైలులో సామాను మఱచినచో 139 సంఖ్యకు ఫోను చేసి, రైలు పేరును, పెట్టె సంఖ్యను తెలుపవలెను. దొరికిన సామానును యజమానులకు చేర్చుటకు రైల్వే రక్షణదళమువారు 'ఆపరేషన్ అమానత్' అను కార్యక్రమమును నడుపుచున్నారు. సెల్ ఫోనులో *#06# నొక్కినచో కనబడు 15 అంకెల ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్యను నేడే యొక కాగితముపై వ్రాసి యింట నుంచుడు. ఫోను పోయినపుడు పోలీసులకు ఫిర్యాదు చేసి, ఆ సంఖ్యతో 'సంచార్ సాథీ' ద్వారా దానిని పనిచేయకుండ ఆపివేయవచ్చును.

ఈ సంవత్సరమును మా బీరువా నిండియే యున్నది. తల్లిదండ్రులు మార్కుల పట్టికలకై వచ్చునపుడు, బిడ్డను చేయిపట్టుకొని ఒకమారు దానియొద్దకు రావలెనని కోరుచున్నాము. ఆ వెండిపట్టీని మఱల కాలికి తొడిగినపుడు ఆ బాలిక తల్లి ముఖము వైపు చూచిన చూపు మేము మఱవలేదు. పట్టీ దొరికినందులకు సంతోషించుటకు ముందు, తల్లి కోపము తీఱినదో లేదో యని ఆ బిడ్డ చూచుకొన్నది.