పక్కన కూర్చునే మనిషి

పాలకొల్లు

చిరంజీవి అమ్మలుకి మీ పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.  

నీ ఉత్తరం మీ పెదనాన్నగారు చదివి, "దీనికి జవాబు నువ్వే రాయాలి, నాకు చొక్కా గుండీ కుట్టుకోవడం కూడా రాదు" అని నా ఒళ్లో పెట్టేశారు. పుణెలో ఉద్యోగంలో చేరావు, సాయంత్రాలు తోచక లేసు సూది పట్టావు, అందులోనూ అమ్మమ్మల కాలంనాటి మోడళ్లే నచ్చుతున్నాయి. అంతవరకూ బాగానే ఉంది. "ఫోటో తీసి పెడితే అందరూ బాగుందంటున్నారు పెద్దమ్మా, నాతో కూర్చుని అల్లేవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు" అని రాశావు చూడు, అక్కడ ఆగిపోయాను. మెచ్చుకునేవాళ్లకైతే బాగా వచ్చిన ముక్క చూపిస్తే సరిపోతుంది. పక్కన కూర్చునేవాళ్లు కావాలంటే మాత్రం రాని ముక్క పట్టుకుని వాళ్లింటికి వెళ్లాలి.

ఆ గుండ్రటి టేబుల్ గుడ్డ ఉందే, అంచు అలలు అలలుగా లేచిపోయిందని బీరువా అడుగున పడేశానన్నావు, దాన్ని బయటికి తియ్యి. పాత మరాఠీ ఇళ్లలో క్రోషేతో గుమ్మానికి తోరణాలు, పళ్లెం మీద కప్పే రుమాళ్లు అల్లిన పెద్దవాళ్లు ఉంటారు. మీ అపార్టుమెంటులో వాచ్‌మన్ భార్యని అడిగితే ఏ అంతస్తులో ఎవరున్నారో చెబుతుంది. ఆ అల్లే పెద్దావిడ భాష నీకు రాదు, నీ భాష ఆవిడకి రాదు అని భయపడకు. లేచిన అంచు చూపించి మొహం దిగాలుగా పెట్టు చాలు. ఆవిడ కళ్లజోడు వెతుక్కుంటుంది. అక్కడితో సగం పరిచయం అయిపోతుంది. బాగా కుదిరింది పట్టుకెళ్లావనుకో, "చాలా బాగుందమ్మా" అని కాఫీ ఇచ్చి పంపించేస్తుంది. మళ్లీ వెళ్లడానికి నీకు వంక ఉండదు.

అంచు ఎందుకు లేచిందో నేను కూడా చెప్పకుండా ఉండలేను. గుండ్రంగా అల్లేటప్పుడు డబుల్ కుట్లయితే మొదటి వరసలో 12, రెండో దాంట్లో 24, మూడో దాంట్లో 36, అలా వరసకి పన్నెండేసి పెరుగుతూ పోతే బల్ల మీద సాఫుగా పడుకుంటుంది. అంతకంటే ఎక్కువ పెంచితే అంచు అలలుగా లేస్తుంది. తక్కువైతే మధ్యలో గుంటపడుతుంది. లెక్క సరిగ్గా ఉండి కూడా గుంటపడుతోందంటే నీ చెయ్యి బిగువన్నమాట, సూది ఒక సైజు పెంచుకో. ఇంకొకటుంది. మీ స్నేహితురాలిచ్చిందన్న పాత పుస్తకం ఇంగ్లండుదా, అమెరికాదా చూసుకో. ఇంగ్లండు పుస్తకంలో డబుల్ అని రాసింది అమెరికా వాళ్లకి సింగిల్. పైన నేను చెప్పిన పన్నెండు లెక్క అమెరికా డబుల్‌ది. పుస్తకం ఇంగ్లండుదీ, నువ్వు చూసే వీడియో అమెరికాదీ అయితే పువ్వు పువ్వులా రాదు, ఎక్కడ తప్పామో కూడా తెలియదు. నీ గుడ్డకి పట్టిన జబ్బు అదేనేమోనని నా అనుమానం.

ఆఫీసులో మన నరసాపురం లేసు గురించి గొప్పగా చెబుతున్నానన్నావు. చెప్పు. 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది కాబట్టి ఇంకా ధీమాగా చెప్పు. కాకపోతే సగం కథే చెప్పి ఊరుకోకు. 19వ శతాబ్దంలో గోదావరి జిల్లాలకి వచ్చిన మిషనరీలు నేర్పిన పని ఇది. మన ఆడవాళ్లు నేర్చుకుని ఎంత చక్కగా అల్లారంటే, దొరసానుల బల్లల మీదికీ మంచాల మీదికీ ఇక్కడి నుంచే ఓడలెక్కి వెళ్లింది. అల్లినవాళ్ల చేతికి వచ్చింది మాత్రం చిల్లర. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు నరసాపురం చుట్టుపక్కల ఊళ్లు తిరిగి, లేసు అల్లే ఆడవాళ్ల మీద 1982లో ఇంగ్లీషులో ఒక పుస్తకం వేసింది. ఇంటిపనంతా చేసుకుంటూ రోజులో ఆరేడు గంటలు అల్లినా రూపాయి కూడా దక్కేది కాదని లెక్కలు కట్టి చూపించింది. "ఇంట్లో ఊరికే కూర్చోలేక ఏదో అల్లుతుంది" అని మగవాళ్లు అనేసేవారు కాబట్టి అది పని కిందకే వచ్చేది కాదు, దానికి కూలి అడిగే నోరూ ఉండేది కాదు. ఆ పుస్తకం దొరికితే చదువు. పాత వస్తువు అందంగా కనిపించినప్పుడు, దాని వెనక కూర్చున్న మనిషి నడుం ఎంత నొప్పెట్టిందో కూడా తెలిసి ఉండాలి. అది తెలిస్తే నీ అల్లిక అందం తగ్గదులే.

ఆ పనిలో స్నేహం లేదా అంటే, ఉంది. మా అమ్మ, అంటే మీ అమ్మమ్మ, మధ్యాహ్నం అంట్లు తోముకున్నాక దారం ఉండ బిస్కెట్ల డబ్బాలో వేసుకుని, డబ్బా మూతకి పెట్టిన చిల్లులోంచి దారం లాక్కుంటూ ఎదురింటి అరుగు మీద కూర్చునేది. నేల తగిలి దారం మాసిందంటే ఏజెంటు కోత కోసేవాడు, అందుకే ఆ డబ్బా. దారం తూచి ఇచ్చేవాడు, అల్లిన ముక్కలు తూచి తీసుకునేవాడు. అరుగు మీద నలుగురైదుగురు, ఒక్కరి చూపూ సూది మీద ఉండేది కాదు. వేళ్లు వాటి పని అవి చేసుకుపోయేవి, నోళ్లు ఊరి పని చూసుకునేవి. ఎవరికైనా జ్వరం వచ్చి కట్ట వెనకబడితే మిగిలినవాళ్లు తలో కాసిని పువ్వులు అల్లి కలిపేసేవారు. అదేం దానం కాదు, రేపు తమకీ అదే అవసరం పడుతుందని తెలుసు. గడప దాటనివ్వని ఇళ్లలో కోడళ్లకి ఎదురింటికి వెళ్లడానికి దారం కట్టే అనుమతి పత్రం.

అలాగని ఆ అరుగు మీద అంతా అమృతమే కురిసేదనుకోకు. మా వీధిలో ఒకావిడ కొత్త మోడలు చేతికి రాగానే, ఎవరైనా వస్తుంటే పమిట కింద దాచేసేది. వారం తిరక్కుండా వీధంతా అదే మోడలు అల్లుతుండేవారు. ఎలా చూశారో ఎవరూ చెప్పేవారు కాదు, ఆవిడా అడిగేది కాదు. మోడలు దొంగిలించారని మాటలు మానేసినవాళ్లున్నారు, దారం అయిపోయి మళ్లీ కలిసినవాళ్లున్నారు. నువ్వు కూడా ఒకర్నో ఇద్దర్నో కూడగట్టుకున్నాక చిన్న చిన్న అలకలు వస్తాయి. వచ్చాయని సూది పక్కన పడెయ్యకు.

అల్లిక రెండు చేతుల మధ్య పంచుకోవడానికి వీలైన పని. నరసాపురంలో దీనికి ఏర్పాటే ఉంది. పువ్వులు, ఆకులు, చదరాలు విడివిడిగా అల్లేది చేతిపని. వాటిని కలిపి గుడ్డగా చేసేది అతుకుపని. ఒక దుప్పటిలో ఎందరి చేతులున్నాయో కొన్నవాళ్లకి తెలియదు. ఐర్లండులో కూడా ఇలాగేనట. 1845లో బంగాళాదుంప పంట కుళ్లిపోయి కరువొచ్చినప్పుడు, బతకడానికని అక్కడి ఆడవాళ్లకి ఈ అల్లికే నేర్పారు. గులాబీ ఒకరు, ఆకు ఒకరు అల్లితే, ఇంకొకరు మధ్యలో వల అల్లి కలిపేవారు. నువ్వు ముచ్చటపడి రాసిన రేకు మీద రేకు లేచే గులాబీ ఆ దేశానిదే. ఆకలి కడుపున పుట్టిన అందం అది, మనదానిలాగే.

కాబట్టి నా మాట విని, ఒక్కదానివే పెద్ద టేబుల్ గుడ్డ తలపెట్టకు. ఇంకో ఇద్దరు దొరికాక తలా పన్నెండు చదరాలు అల్లండి. దారం అందరూ ఒకే కంపెనీది, ఒకే నంబరుది, వీలైతే ఒకే డబ్బాలోంచి తీసుకోండి, తెలుపులో కూడా తేడాలుంటాయి. సూది కూడా ఒకే సైజు. అయినా చదరాలు సమానంగా రావు. ఒకరిది కాస్త చిన్నది, ఒకరిది వదులు. చిన్నగా వచ్చిందని ఎవరిచేతా విప్పించకు, పాపం ఆ పిల్ల మళ్లీ రాదు. దీనికి ఉపాయం ఒకటుంది. అందరి చదరాలకీ చివరి వరస మాత్రం ఒక్కరే అల్లాలి. చిన్న చదరానికి కొంచెం వదులుగా, పెద్దదానికి కొంచెం బిగించి అల్లితే అంచులు కలుస్తాయి. తరవాత తడిపి, తువ్వాలు మీద పరిచి, తుప్పు పట్టని గుండుసూదులతో ఒకే కొలతకి లాగి బిగించి ఆరనివ్వండి. ఆరాకే అతకాలి. ఆ చివరి వరస ఎవరు వెయ్యాలి అంటే, అందరిలోకీ ఓపికున్నవాళ్లు. నీకు ఓపిక తక్కువ, మీ అమ్మ పోలిక, కాబట్టి ఇంకొకరికి ఇచ్చెయ్యి.

కొత్త ఆలోచనలు రావడం లేదన్నావు. రోజూ వంద బొమ్మలు చూస్తుంటే చెయ్యి ఎలా ఆడుతుంది? ఒక్క పాత ముక్క తీసుకో. తిరగేసి చూడు, వెనకవైపు కుట్లు విడివిడిగా తెలుస్తాయి. ఫోటో తీసి పెద్దది చేసుకుని, మధ్యలోంచి బయటికి వరస వరసా లెక్కపెట్టి కాగితం మీద రాసుకో. అమ్మమ్మ టేబుల్ గుడ్డలో పైనాపిల్ మోడలుంది. కింద పొడుగు కుట్లతో విసనకర్ర ఆకారం వస్తుంది. దాని మీద గొలుసు ఉంగరాల వరస. పైకి పోయేకొద్దీ వరసకో ఉంగరం తగ్గుతూ, ఆఖరికి ఒక్కటి మిగిలి మొన తేలుతుంది. ఇంత పెద్ద అందం వెనక ఉన్న లెక్క ఇంతే. మొదటిసారి ఉన్నదున్నట్టు దింపు. మార్చాలన్న ఊహ దానంతటదే వస్తుంది: ఇక్కడ ఉంగరం ఇంకొకటి ఉంటేనో, ఈ ఖాళీలో ఇంకో చిన్న పువ్వు పెడితేనో అని. గడుల మోడళ్లు కూడా చూడు, గ్రాఫు కాగితం మీద నిండు గడి, ఖాళీ గడి పెట్టుకుంటూ పోయేవి. చుక్కల ముగ్గు వేసిన చేతికి అది కొత్త చదువేం కాదు.

లేసే పట్టుకోవాలని కూడా లేదు. మ్యాటీ గుడ్డ మీద క్రాస్ స్టిచ్ చిలకలు, గలీబుల అంచున కాడ కుట్టు, ప్లాస్టిక్ వైరు బుట్టలు, ఇవన్నీ మా పెళ్లిళ్ల నాటికి ప్రతి ఇంట్లో ఉండేవే. వైరు బుట్టయితే మొదట్లో ఒకరు పట్టుకుంటే ఇంకొకరు బిగించడం సులువు కాబట్టి తోడుంటే మంచిది.

అమ్మడం సంగతి. మీ ఆఫీసు అమ్మాయి డబ్బిచ్చి చేయించుకుంటానందన్నావు. డబ్బు తప్పని నేననను. అయితే దారం ఖరీదు ఒక్కటే లెక్కవేసి ధర చెప్పకు, గంటలు కూడా వెయ్యి. మొహమాటానికి తక్కువ చెబితే, దీని మీదే బతికే నరసాపురం మనిషిని కూడా "ఇంతకే ఇవ్వొచ్చుగా" అని అడుగుతారు. నలుగురు కలిసి అల్లింది అమ్మేటట్లయితే డబ్బు మాట అల్లకముందే తేల్చుకోండి. అల్లాక తేల్చుకుందామంటే డబ్బూ దక్కదు, మనుషులూ దక్కరు. నువ్వే ఎక్కడన్నా చేతి లేసని కొనబోతే, దారం కొస దొరికితే పట్టి మెల్లిగా లాగి చూడు. సూదితో అల్లింది కొస నుంచి ఊడివస్తుంది. మిషన్ మీద కుట్టి లేసులా కనిపించేటట్టు చేసింది అలా ఊడదు. దుకాణంవాడు చూడకుండా లాగు, లేకపోతే అంతా విప్పి నీ చేతిలో పెడతాడు.

ఈ ఉత్తరంతో చిన్న పార్సిలు పంపుతున్నాను. 20 నంబరు తెల్ల దారం ఉండలు రెండు. నంబరు పెరిగేకొద్దీ దారం సన్నం, కాబట్టి 40, 60ల జోలికి ఇప్పుడే పోకు, కళ్లు పోతాయి. పాత పైనాపిల్ ముక్క కూడా పెట్టాను, అమ్మమ్మ శాంపిలుగా దాచుకున్నది. నకలు తీసుకుని వెనక్కి పంపు, మీ అమ్మ కూడా అడుగుతోంది. దానికి గంజి లేదు, నువ్వు కూడా పెట్టకు. గంజి పెట్టిన లేసు దాస్తే పురుగు చేరుతుంది. వాడేటప్పుడు పెట్టుకుని, దాచేటప్పుడు ఉతికి దాచాలి. మడత పెడితే మడత దగ్గరే పసుపెక్కి తెగుతుంది, పాత మల్లుగుడ్డలో చుట్టగా చుట్టి పెట్టు. ఇనప పెట్టెలో అసలొద్దు, తుప్పు మరక వదలదు.

ఆవకాయ సీసా వేరే కట్టాను, ప్లాస్టిక్ కవర్లు మూడు చుట్టి. ముందు లేసు తీసి పక్కన పెట్టుకుని, చేతులు కడుక్కుని, అప్పుడు ఆ సీసా జోలికి వెళ్లు. మీ పెదనాన్నగారు ఆశీస్సులు చెప్పమన్నారు.

ఇట్లు
మీ పెద్దమ్మ