పాత బెంజి కొంటున్నారా?

"డాక్టరు గారి బండి సార్, నలభై వేలు కూడా తిరగలేదు" అనగానే పొంగిపోకండి. టైర్లు, గొట్టాలు, బుష్‌లు... రబ్బరన్నది తిరిగినా తిరగకపోయినా ఏళ్లు మీదపడితే పెళుసెక్కుతుంది. పదిహేనేళ్ల బండ్లలో, షెడ్డులో కవరు కప్పుకుని కూర్చున్నదాన్నే నేను ఎక్కువ అనుమానిస్తాను.

చేయవలసినవి

• కొనేముందు తాళం తిప్పి, మీటర్ల వైపు చూడండి. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ లైట్లు వెలిగి కాసేపటికి ఆరిపోవాలి. అసలు వెలగనే లేదంటే బండి బాగున్నట్టు కాదు. రిపేరు ఖర్చుకు జడిసి ఎవరో బల్బు పీకేసి ఉండొచ్చు.

• టైరు పక్కన డీఓటీ అక్షరాల వరస చివర నాలుగంకెలు చదవండి. 1814 అంటే 2014లో 18వ వారం తయారీ. పదేళ్లు దాటితే, గీతలు అరగకపోయినా మార్చాల్సిందే.

• బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మార్పించండి. అది గాలిలో తేమను పీల్చుకుంటుంది. తిరుమల ఘాట్ దిగేటప్పుడు బ్రేకులు కాగితే ఆ తేమ ఆవిరై, పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంది. దిగేటప్పుడు చిన్న గేరులోనే రండి.

• ఛాసిస్ నంబరు ఇచ్చి, ఎయిర్‌బ్యాగ్ రీకాల్ ఏదైనా మిగిలి ఉందేమో కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అడగండి. తకాటా ఎయిర్‌బ్యాగుల్లో కొన్నిటిలోని అమ్మోనియం నైట్రేట్ ఏళ్ల తరబడి వేడికీ ఉక్కకూ చెడిపోయి, గుద్దుకున్నప్పుడు లోహపు ముక్కలు విసిరింది. విశాఖ, కాకినాడ వాళ్లు ఈ పని మరీ వాయిదా వేయకూడదు.

చేయకూడనివి

• 2003-2006 నాటి ఈ-క్లాస్‌కు ఏ షెడ్డులో పడితే ఆ షెడ్డులో బ్రేక్ ప్యాడ్లు వేయించకండి. వాటిలో ఎలక్ట్రానిక్ బ్రేకులుంటాయి. తలుపు తీసినా చాలు, పంపు తనంతట తానే ప్రెషర్ ఎక్కిస్తుంది; క్యాలిపర్ దగ్గర మెకానిక్ వేళ్లుంటే నలిగిపోతాయి. ముందు డయాగ్నస్టిక్ మిషన్‌తో ఆ పంపును ఆపాలి. ఎర్ర బ్రేక్ లైటు వెలిగితే "ఇంటిదాకా పోనిద్దాం" అనొద్దు. పంపు చేతులెత్తేస్తే ముందు చక్రాలకే బ్రేకు పడుతుంది, అదీ బలమంతా పెట్టి తొక్కితేనే.

• జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరకండి. ఎయిర్ సస్పెన్షన్ బండి ఉన్నట్టుండి కూలబడొచ్చు. స్టాండ్లు పెట్టాలి.

• ఇంజన్ వేడిగా ఉండగా కూలెంట్ మూత తిప్పకండి.

• వాననీళ్లలో ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయొద్దు. సిలిండర్లో నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. తాడు కట్టి లాగిస్తే ఆటోమేటిక్ గేరుబాక్సూ పోవచ్చు. బండి మొత్తాన్నీ ఎక్కించుకుపోయే టోయింగ్ లారీని పిలిపించండి.