హైదరాబాద్ జట్టు హైదరాబాద్‌లోనే ఆడాలని అడగొచ్చా? సికింద్రాబాద్ హాకీ అభిమానుల ప్రశ్నలు, జవాబులు

2025 ఫిబ్రవరి 1న హాకీ ఇండియా లీగ్ పురుషుల ఫైనల్లో హైదరాబాద్ తూఫాన్స్ 3-4తో బెంగాల్ టైగర్స్ చేతిలో ఓడింది. ఆట జరిగింది రూర్కెలాలో. ఆ సీజన్‌లో తూఫాన్స్ జంటనగరాల్లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. పేరు మాత్రమే మనది, ఆట మనది కాదా అని బాధపడే అభిమానికి చట్టం ఏం ఇస్తుంది, ఏం ఇవ్వదు?

జట్టు పేరులో ఊరు ఉంటే ఆ ఊళ్లో ఆడి తీరాలన్న నియమం ఉందా?

లేదు. అంతర్జాతీయ హాకీ నియమాలు మైదానం పొడవు 91.4 మీటర్లు, వెడల్పు 55 మీటర్లు ఉండాలంటాయి తప్ప ఎవరి ఊళ్లో ఆడాలో చెప్పవు. వేదికలు ఖరారు చేసేది లీగ్ నిర్వాహకులు. ఆ సీజన్‌ను రూర్కెలా, రాంచీలకే పరిమితం చేశారు. రూర్కెలాలో 2023 ప్రపంచకప్ కోసం కట్టిన బిర్సా ముండా స్టేడియంలో 20 వేల మందికి పైగా కూర్చోవచ్చు. పైగా ఒడిశా ప్రభుత్వం 2018 నుంచి భారత హాకీ జట్లకు స్పాన్సర్. అన్ని జట్లనూ ఒకట్రెండు ఊళ్లలో ఉంచితే ప్రయాణాలు, ప్రసారాల ఖర్చు కలిసొస్తుంది. లెక్క అర్థమవుతుంది. కానీ హైదరాబాద్‌లో హాకీ పెరగడానికి ఆ లెక్క ఏమాత్రం ఉపయోగపడదు.

ఇదివరకూ ఇంతేనా?

కాదు. 2005లో ప్రీమియర్ హాకీ లీగ్ మొదటి సీజన్ మొత్తం గచ్చిబౌలి హాకీ స్టేడియంలోనే జరిగింది. మిగతా జట్లన్నీ మన దగ్గరికి వచ్చి ఆడాయి. గెలిచింది మన హైదరాబాద్ సుల్తాన్స్. అంతకు రెండేళ్ల ముందు ఆఫ్రో-ఆసియా క్రీడల ఫైనల్లో పాకిస్థాన్‌ను భారత్ ఓడించింది కూడా హైదరాబాద్‌లోనే.

సొంత మ్యాచ్‌లను రెండు ఊళ్లు పంచుకోవడం కుదురుతుందా?

క్రికెట్‌లో ఎన్నోసార్లు కుదిరింది. 2012లో దక్కన్ ఛార్జర్స్ సొంత మ్యాచ్‌లు ఉప్పల్, విశాఖపట్నం, కటక్‌ల మధ్య పంచారు. 2015లో సన్‌రైజర్స్ మూడు మ్యాచ్‌లు విశాఖలో ఆడింది. 2024లోనూ 2025లోనూ ఢిల్లీ క్యాపిటల్స్ రెండేసి మ్యాచ్‌లకు విశాఖనే సొంత మైదానం చేసుకుంది. 2010లో మాత్రం తెలంగాణ ఉద్యమ పరిస్థితుల వల్ల దక్కన్ ఛార్జర్స్ సొంత మ్యాచ్‌లన్నీ రాష్ట్రం దాటిపోయాయి. వీటిలో ఏదీ అభిమానులను అడిగి చేసింది కాదు.

కోర్టుకు వెళ్తే వేదిక మారుతుందా?

2016లో బాంబే హైకోర్టు ఏప్రిల్ 30 తర్వాతి ఐపీఎల్ మ్యాచ్‌లను మహారాష్ట్ర నుంచి తరలించమంది. పుణె, ముంబై జట్లు విశాఖకు వచ్చాయి. అయితే అక్కడ కారణం కరవు, తాగునీరు. మా ఊళ్లో ఆడించండి అన్న కోరిక వేరు, ప్రజల నీటి హక్కు వేరు. ఆ తీర్పును చూపించి తూఫాన్స్‌ను రప్పించలేం.

టికెట్ కొన్నాక వేదిక మారిస్తే డబ్బు తిరిగొస్తుందా?

అడగాలి, గట్టిగానే అడగాలి. డబ్బు పెట్టి టికెట్ కొన్నవారు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద వినియోగదారులే. గచ్చిబౌలి అని అమ్మి మరో రాష్ట్రంలో ఆడించి, డబ్బు తిరిగివ్వబోమంటే సేవాలోపమని ఫిర్యాదు చేయొచ్చు. లోపం ఉన్న సేవకు రసీదులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లో డబ్బు తిరిగివ్వకపోవడాన్ని చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. టికెట్ వెనక ‘వేదిక మార్చే అధికారం నిర్వాహకులదే’ అని ఉందని వెనకడుగు వేయకండి. వేదిక మార్చుకునే వీలు, డబ్బు ఉంచేసుకునే వీలు ఒకటి కావు. అయితే ఆ షరతే అన్యాయమైన ఒప్పందమని వాదించదలిస్తే జిల్లా వినియోగదారుల కమిషన్ వినదు, రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి.

ముందు 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించండి. అక్కడ తేలకపోతే జిల్లా కమిషన్. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపయితే ఫీజు లేదు. గడువు రెండేళ్లు. టికెట్, చెల్లింపు సందేశం, వేదిక మారిందన్న ప్రకటన, రద్దు చేసుకున్న రైలు టికెట్ రసీదు, అన్నీ దాచండి.

నిర్వాహకుల ఆఫీసు ఢిల్లీలో ఉంటే నేను అక్కడికి వెళ్లాలా?

అక్కర్లేదు. ఫిర్యాదుదారు నివసించే చోట లేదా పనిచేసే చోట కేసు వేయొచ్చని 2019 చట్టం చెబుతోంది. ఈ చట్టంలో సామాన్యుడికి దక్కిన గొప్ప మేలు ఇదేనని నా అభిప్రాయం.

ఉచిత పాస్‌తో వెళ్తే?

ఉచితంగా ఇచ్చే సేవ ఈ చట్టం కిందికి రాదు. 2024-25 హాకీ లీగ్‌కు ప్రవేశం ఉచితమే. అలాంటి మ్యాచ్ రద్దయితే పరిహారం ఆశించలేం. ప్రేక్షకుల ప్రాణాలను కాపాడే బాధ్యత మాత్రం పాస్ ఉచితమైనా పోదు. 2022 సెప్టెంబరులో ఉప్పల్ క్రికెట్ మ్యాచ్ టికెట్ల కోసం మన జింఖానా మైదానం దగ్గర జరిగిన తొక్కిసలాట గుర్తుంది కదా.

మరి గచ్చిబౌలి స్టేడియం గురించి ఎవరిని అడగాలి?

అభిమానికి నిజమైన పట్టు ఇక్కడే ఉంది. ఫ్రాంచైజీ ప్రైవేటు సంస్థ, సమాచార హక్కు చట్టం దానికి నేరుగా వర్తించదు. స్టేడియం మాత్రం ప్రజలది. తెలంగాణ క్రీడా ప్రాధికార సంస్థకు 10 రూపాయల ఫీజుతో తెలుగులోనే దరఖాస్తు పెట్టొచ్చు. టర్ఫ్ ఎప్పుడు వేశారు, నిర్వహణకు ఏటా ఎంత ఖర్చయింది, హాకీ లీగ్ వాళ్లు మైదానం కావాలని రాశారా, రాస్తే ఏం జవాబిచ్చారు అని అడగండి. ‘ఎందుకు ఆడించరు?’ అని రాస్తే అది సమాచారం కిందికి రాదని తిప్పి పంపుతారు, అందుకే రికార్డులూ ఉత్తరాల నకళ్లూ అడగాలి. జవాబుకు 30 రోజులు. రాకపోతే మరో 30 రోజుల్లో అదే సంస్థలోని అప్పీలు అధికారికి రాయాలి.

ఇంత శ్రమ ఎందుకు?

వరుసగా మూడు ఒలింపిక్స్ ఆడిన ముకేశ్ కుమార్ ఈ జంటనగరాల ఆటగాడు. ఇప్పుడు ఇక్కడ స్టిక్ పట్టుకున్న పిల్లలకు అంతర్జాతీయ ఆటగాళ్లను దగ్గర నుంచి చూసే అవకాశం దొరకాలి. సీజన్ మొత్తం రానక్కర్లేదు, రెండు మ్యాచ్‌లు చాలు. మీ క్లబ్ తరఫున, మీ పాఠశాల తరఫున హాకీ ఇండియాకు, తూఫాన్స్ యాజమాన్యానికి, క్రీడా ప్రాధికార సంస్థకు ఒకే ఉత్తరం మూడు నకళ్లు తీసి పంపండి. వచ్చే సీజన్ వేదికలు ప్రకటించకముందే పంపండి.