బయోడీజిలు అడుగున మిగులు గ్లిజరిను: శుద్ధిచేయు విధము

హైదరాబాదు నగరమున అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతములందు పొయ్యి ఆరని వంటశాలలు అనేకము కలవు. కంప్యూటరు విద్యకై జిల్లాలనుండి వచ్చిన యువతీయువకులు అచటి వసతిగృహములందుండి, మెస్సులలోను మిరపకాయ బజ్జీల బండ్లవద్దను ఆకలి తీర్చుకొందురు. ఆ బాణలులలో ప్రతిదినము వాడిన నూనె మిగులుచుండును. అట్టి నూనెనుండి బయోడీజిలు అను ఇంధనమును తయారుచేయవచ్చును. అయితే ఇంధనముతోపాటు మరియొక పదార్థము తప్పక పుట్టును. అదియే గ్లిజరిను. ఇట్టి యంత్రశాలకు వలయు స్థలము నగరపు పొలిమేరలలోని గ్రామములందే సులభముగా దొరకును. కావున ఈ రెండవ పదార్థపు సంగతి పంచాయతీ సభ్యులు ముందుగా తెలిసికొనుట అవసరమని మేము తలంచుచున్నాము.

వాడిన నూనెకు నియమములు

మాటిమాటికి కాచిన నూనెలో హానికరమైన పోలార్ సమ్మేళనములు పెరుగును. అవి నూటికి 25 పాళ్లు మించిన నూనెను వంటకు వాడరాదను నియమము 2018 జూలై 1 నుండి దేశమున అమలులోనికి వచ్చినది. ఆ సంవత్సరము ఆగస్టులోనే, అట్టి నూనెను సేకరించి బయోడీజిలుగా మార్పించు కార్యక్రమమును భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ప్రారంభించెను. 2030 నాటికి డీజిలులో నూటికి 5 పాళ్లు బయోడీజిలు కలుపవలెనని 2018 నాటి జాతీయ జీవ ఇంధన విధానము లక్ష్యముగా పెట్టినది. కావున ఇట్టి యంత్రశాలల ప్రతిపాదనలు గ్రామములకు వచ్చుటలో వింత లేదు.

గ్లిజరిను పుట్టుక

నూనెయందు మూడేసి కొవ్వు ఆమ్లములు ఒక్కొక్క గ్లిజరిను అణువుతో బంధింపబడి యుండును. నూనెకు మిథనాలును, కొద్దిగా కాస్టిక్ సోడాను లేక కాస్టిక్ పొటాషును చేర్చి, వెచ్చజేసి కలియబెట్టినచో కొవ్వు ఆమ్లములు గ్లిజరినును విడిచి మిథనాలుతో కూడును. అట్లు కూడినదే బయోడీజిలు. 100 కిలోల నూనెకు సుమారు 100 కిలోల బయోడీజిలు, 10 కిలోల గ్లిజరిను వచ్చును. గ్లిజరిను బరువైనది గనుక, తొట్టిని కదల్పక ఉంచినచో అడుగునకు దిగును.

అడుగున దిగినది శుద్ధమైన గ్లిజరిను కాదు. చర్య పూర్తియగుటకై మిథనాలును అవసరమునకు మించి పోయుదురు. మిగిలిన మిథనాలులో అధికభాగము, సబ్బు, క్షారము, కొంత నీరు ఈ అడుగు ద్రవముననే చేరును. వాడిన నూనెతో చేసినచో సబ్బు మరింత హెచ్చుగా నుండును. చూచుటకు ఇది ముదురు బెల్లపు పాకమువలె కనబడును.

శుద్ధిలో నాలుగు మెట్లు

మొదటిది ఆమ్లము చేర్చుట. సల్ఫ్యూరిక్ ఆమ్లమునో, ఫాస్ఫారిక్ ఆమ్లమునో కొద్దికొద్దిగా పోసినచో సబ్బు విరిగి, కొవ్వు ఆమ్లములు పైకి తేలును. క్షారము లవణముగా మారును. తేలినదానిని వేరుచేసి, లవణమును వడకట్టి, ఎక్కువైన ఆమ్లమును క్షారముతో సరిచేయవలెను. కాస్టిక్ పొటాషు, ఫాస్ఫారిక్ ఆమ్లము వాడినచోట వచ్చు పొటాషియం ఫాస్ఫేటును శుభ్రపరచి ఎరువుగా వినియోగింపవచ్చును.

రెండవది మిథనాలును తీయుట. ఇది సుమారు 65 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మరుగును. మూసిన పాత్రలో వేడిచేసి, ఆవిరిని చల్లార్చి మరల ద్రవముగా పట్టవలెను. తెరచిన బాణలిలో కాచుట ప్రాణాపాయము. మిథనాలు ఆవిరి త్వరగా అంటుకొనును. పగటి వెలుగులో దాని మంట సరిగా కనబడదు. త్రాగినవారికి చూపు పోవుటయు, మరణము సంభవించుటయు కలదు. పట్టిన మిథనాలును నీరు లేకుండ చేసి మరల వాడుకొనవచ్చును గనుక, ఈ మెట్టునకైన ఖర్చు కొంత తిరిగివచ్చును.

మూడవది నీటిని ఆవిరిచేయుట. దీనితో నూటికి 80 పాళ్లకు మించిన గ్లిజరిను గల సరకు తయారగును. దీనిని పెద్ద శుద్ధి కర్మాగారములకు అమ్మవచ్చును.

నాలుగవది స్వేదనము. గ్లిజరిను మామూలుగా 290 డిగ్రీల వద్ద మరుగును. కాని అంత వేడికి అది చెడి, కన్నులను, ముక్కును మండించు విషపు ఆవిరి నిచ్చును. అందుచే పాత్రలోని గాలిని తోడివేసి, తక్కువ వేడికే మరిగింతురు. పిదప ఉత్తేజిత బొగ్గుతో రంగును, వాసనను తొలగింతురు. ఇట్లు నూటికి 99.5 పాళ్ల శుద్ధత లభించును. ఈ యంత్రములు వ్యయముతో కూడినవి. చిన్న యంత్రశాల మూడు మెట్లవరకు చక్కగా నడిపి, నాలుగవదానిని పెద్ద కర్మాగారమునకు విడుచుటయే మేలని మా అభిప్రాయము.

పేరు ఒకటే, సరకు వేరు

పంజాగుట్టలో నిజాం వైద్య విజ్ఞాన సంస్థ పరిసరములందలి మందుల దుకాణములలోను గ్లిజరిను సీసాలు దొరకును. మందులకు వాడు గ్లిజరిను ఔషధ ప్రమాణముల పరీక్షలలో నెగ్గినదై యుండవలెను. 1986లో బొంబాయి జె.జె. ఆసుపత్రిలో 14 మంది రోగులు కలుషితమైన గ్లిజరినువలన మరణించిరి. అందు కలిసినది డైఎథిలీన్ గ్లైకాల్ అను వేరొక విషము. బయోడీజిలుతో దానికి సంబంధము లేదు. అయినను, పేరు చూచి సరకును నమ్మరాదను పాఠమును ఆ దుర్ఘటన దేశమునకు నేర్పినది. అడుగు ద్రవమును గ్లిజరిను అను పేరుతో సబ్బులకు, పశువుల దాణాకు అమ్మవచ్చువారి విషయమున మనము జాగరూకులమై యుండవలెను.

పంచాయతీ కర్తవ్యము

గ్లిజరిను తియ్యనిది, ఆరుబయట వదలిన పీపాలను పశువులు నాకవచ్చును. చెరువులో కలిసినచో దానిని తిను సూక్ష్మజీవులు నీటిలోని ప్రాణవాయువును హరించును, చేపలు చచ్చును. కావున యంత్రశాల పెట్టదలచినవారిని సభ్యులు ఈ ప్రశ్నలు అడుగవలెను.

1. దినమునకు ఎంత నూనె వాడుదురు? అడుగు ద్రవము ఎంత వచ్చును?
2. మిథనాలును పట్టు మూసిన పాత్ర కలదా? అగ్నిప్రమాదమునకు ఏమి ఏర్పాట్లు కలవు?
3. లవణము, కొవ్వు ఆమ్లములు, కడిగిన నీరు ఎచటికి పోవును?
4. గ్లిజరినును కొనువారెవరు? దాని పరీక్షా పత్రము కలదా?
5. 1974 నాటి జల చట్టము, 1981 నాటి వాయు చట్టము క్రింద కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి పొందిరా?

ఆ మండలి కార్యాలయము అమీర్‌పేటకు చేరువనే సనత్‌నగరులో నున్నది. సందేహము కలిగినచో సభ్యులు అచట విచారింపవచ్చును. 1000 కిలోల నూనె వాడు యంత్రశాలయందు దినమునకు సుమారు 100 కిలోల గ్లిజరిను, దానికితోడు మలినములు పోగగును. ఆ బరువు ఎచటికి పోవునో స్పష్టముగా తెలిసిన పిదపనే పంచాయతీ తన అభిప్రాయమును తీర్మానముగా వ్రాయుట శ్రేయస్కరము.