ఆఫ్‌సెట్ పేజీ తెరిచే ముందు గుడ్డ తియ్యి

ఒంగోలు

చిన్నోడా,

నిన్న సాయంత్రం అద్దంకి బస్టాండు దగ్గర మీ రూములో ఉండే అబ్బాయి వాళ్ళ నాన్న కనపడ్డాడు. టీ తాగుతూ మాటల్లో మాటగా, "మీ వాణ్ణి సెట్టర్‌ని చేశారంట గదా, నైట్ షిఫ్టు వాడికే అప్పజెప్పారంట" అన్నాడు. నా కడుపు నిండిపోయింది. ఆ వెంటనే ఇంకో సంగతి చెప్పాడు. బుష్‌ల బ్యాచ్ ఒకటి సగానికి సగం రిజెక్ట్ అయిందని, నువ్వు రెండు రోజులు అన్నం ముట్టలేదని. ఈ రెండో సంగతి మీ అమ్మకు చెప్పలేదు. చెప్పను కూడా.

ముందు ఒక మాట చెప్పి అసలు విషయంలోకి వస్తా. పోయిన ఇనుము గురించి బెంగ పెట్టుకోకు. ఇనుము మళ్ళీ కొనుక్కోవచ్చు. ఖాళీ కడుపుతో, నిద్ర కళ్ళతో రాత్రిపూట తిరిగే చక్కు ముందు నువ్వు నిలబడతావే, అదీ నా భయం. షిఫ్టుకు వెళ్ళే ముందు తిను. తిన్నాకే వెళ్ళు.

ఇక అసలు విషయం. కిందటి ఉత్తరంలో నువ్వే రాశావు: "మామయ్యా, పొడవు ఒక పీసుకు తగ్గుతోంది, ఇంకో పీసుకు పెరుగుతోంది, నేను ఆఫ్‌సెట్ దిద్దుకుంటూ లాక్కొస్తున్నా" అని. ఆ మాట చదివినప్పుడే నా మనసు కీడు శంకించింది. ఆ బ్యాచ్‌ని చంపింది ఆ దిద్దుబాటే నాయనా.

లెక్క వేసి చూడు. నీ బుష్ పొడవు 40.00 మిల్లీమీటర్లు రావాలి. చక్కు సాఫ్ట్ జాల (జాబ్‌ని పట్టే దవడల) మెట్టు మీద జాబ్ వెనక మొహం ఆనాలి. అక్కడ 0.04 మందం ఉన్న చిప్పు ముక్క ఒకటి ఇరుక్కుంది. వెంట్రుక కన్నా పల్చన, కంటికి ఆనదు. జాబ్ అంత మేర ముందుకు వచ్చి కూర్చుంది. టూలు మాత్రం తనకు చెప్పిన జీరో దగ్గరే ఫేస్ కొట్టింది. పొడవు 39.96 వచ్చింది. నువ్వు కొలిచి, వేర్ ఆఫ్‌సెట్‌లో జెడ్‌కి 0.04 కలిపావు. ఈలోగా కూలెంట్ ఆ చిప్పును కడిగేసింది. తర్వాతి జాబ్ సరిగ్గా కూర్చుంది, పొడవు 40.04 వచ్చింది. నువ్వు మళ్ళీ 0.04 తీసేశావు. అప్పుడు ఇంకో చిప్పు వచ్చి పడింది. తెల్లవార్లూ ఇదే వరస. మిషను నీ మాట జవదాటలేదు, టూలు అరగలేదు, ప్రోగ్రాములో ఒక్క అక్షరం తప్పు లేదు. అయినా సగం పీసులు తుక్కులో పడ్డాయి.

గుంటూరు మిర్చి యార్డులో కాటా పళ్ళెం కింద మట్టిబెడ్డ అంటుకుని ఉంటే, ప్రతి బస్తాకూ ధర మార్చుకుంటూ కూర్చునే వాడు ఉంటాడా? పళ్ళెం ఎత్తి తుడుస్తాడు. నువ్వు చెయ్యాల్సింది కూడా అదే.

టూలు అరుగుదల ఎప్పుడూ ఒక దిక్కుకే నడుస్తుంది. బయటి డయా తిప్పేటప్పుడు పీసు పీసుకూ సైజు కొద్దికొద్దిగా పెరుగుతుంది, బోరింగులో అయితే రంధ్రం కొద్దికొద్దిగా తగ్గుతుంది. దాన్ని ఆఫ్‌సెట్‌తో దిద్దు, అందుకే ఆ పేజీ ఉంది. సైజు అటూ ఇటూ దూకుతుంటే మాత్రం అది అరుగుదల కాదు. ముందు మురికిని అనుమానించు, ఆ తర్వాత చక్కు ప్రెషరు, ఆ తర్వాత వదులైన బోల్టు. ఇంకో గుర్తు కూడా ఉంది. బుష్‌ని చుట్టూ మూడు చోట్ల కొలువు. మూడు చోట్లా మూడు కొలతలు వస్తే జాబ్ ఒక పక్కకు ఒరిగి కూర్చుందన్నమాట. ఒరగడానికి కారణం జా మీద ఉంటుంది గానీ కంట్రోలులో ఉండదు.

నాకు పని నేర్పిన మేస్త్రి గుర్తొస్తున్నాడు. చిలకలూరిపేట వైపు ఒక జిన్నింగు మిల్లు వర్క్‌షాపులో ఉండేవాళ్ళం. పత్తి సీజను మొదలైతే మిల్లు గేటు దగ్గర నుంచి రోడ్డు దాకా బళ్ళు నిలబడేవి. గింజ తీసే మిషనుకు షాఫ్ట్ పోతే గుమాస్తా వచ్చి మా నెత్తిన కూర్చునేవాడు. ఆయన ఎంత అరిచినా మేస్త్రి మాత్రం తొందరపడేవాడు కాదు. లేతు చక్కు జాలను ముందు బ్రష్షుతో దులిపేవాడు. తర్వాత గుడ్డతో తుడిచేవాడు. తర్వాత కళ్ళు మూసుకుని జా మెట్టు మీద బొటనవేలి గోరు మెల్లగా లాగేవాడు. గోరు తట్టుకుంటే మళ్ళీ మొదటినుంచి తుడిచేవాడు. అరిచి అరిచి గుమాస్తా బయటికి పోయేవాడు. ఆ షాఫ్ట్ మాత్రం ఒక్కసారికే బేరింగులో కూర్చునేది.

చుట్టూ పత్తి కొండలు ఉన్నా, కాటన్ వేస్టు మాత్రం చక్కు దగ్గరికి రానిచ్చేవాడు కాదు ఆయన. చేతుల గ్రీజు తుడుచుకోవడానికి వాడుకోమనేవాడు. జాబ్ కూర్చునే చోట వాడితే అది వదిలే పోగే ఇంకో మురికి. అందుకని ఇంటి నుంచి గుడ్డలు తెచ్చుకోమన్నాడు. అప్పుడు మీ అమ్మ హైస్కూల్లో చదివేది. మీ తాతయ్య పాత పంచెలు చదరంగా కత్తిరించి, నాలుగు అంచులూ మడిచి సన్నగా కుట్టి ఇచ్చేది. పోగు ఊడకుండా ఉండాలని ఆ అంచులు. నేను చెప్పకుండానే తనకు తట్టింది. ఆ బుర్రే నీకూ వచ్చింది, నేను ఎప్పుడూ అనుకుంటా.

తుడవడం అంటే ఏమిటో వివరంగా రాస్తున్నా, విసుక్కోకు.

జాబ్ మార్చిన ప్రతిసారీ: జా మెట్టు, జా లోపలి వంపు, జాబ్ ఆనే మొహం. ఈ మూడూ తుడవాలి. జాబ్‌కి బర్ ఉంటే ముందు అది తీసెయ్, లేకపోతే జాను ఎంత తుడిచినా లాభం లేదు. ఇన్సర్టు మూల తిప్పేటప్పుడు దాని కింద సీటు తుడువు. అక్కడ చిన్న రజను ఉన్నా కార్బైడ్‌కి కింద పూర్తి ఆనిక ఉండదు, మొదటి కోతలోనే చిట్లుతుంది. ఇన్సర్టు నాసిరకం అని అప్పుడు కంపెనీని తిట్టుకుంటాం.

వీఎంసీ (నిలువు మిల్లింగ్ మిషను) మీద పనిచేసే రోజున వైస్ బెడ్డు, పేరలల్స్ కింద, పైన తుడువు. జాబ్ బిగించి మెత్తటి సుత్తితో తట్టాక పేరలల్స్ వేలితో కదిపి చూడు. కదిలితే జాబ్ కూర్చోలేదన్నమాట. టూల్ హోల్డర్ టేపరు, స్పిండిల్ లోపలి టేపరు ఇంకా ముఖ్యం. 7/24 టేపరు మీద పైన ఇరుక్కున్న చిన్న చిప్పు, కింద పొడుగాటి టూలు కొస దగ్గరికి వచ్చేసరికి పెద్ద రనౌట్ అవుతుంది. నాలుగు పళ్ళ ఎండ్‌మిల్‌లో అప్పుడు ఒక్క పన్నే నాలుగింటి భారమూ మోస్తుంది. డ్రిల్లు అయితే రంధ్రం పెద్దదవుతుంది. నువ్వు మళ్ళీ ప్రోగ్రాములో తప్పు వెతుకుతావు.

మైక్రోమీటరును కూడా వదలకు. రెండు మొహాల మధ్య శుభ్రమైన కాగితం పెట్టి మెల్లగా మూసి, కాగితాన్ని బయటికి లాగు. తర్వాత జీరో చూడు. మురికి మైక్రోమీటరుతో కొలిచి ఆఫ్‌సెట్ దిద్దితే, మంచి మిషనుకు మనమే చెడ్డ మాట నేర్పినట్టు.

గాలి కొట్టడాన్ని తుడవడం అనుకోకు. ఎయిర్ గన్ చిప్పును ఒకచోట నుంచి లేపి ఇంకోచోట కూర్చోబెడుతుంది. స్లైడు కవర్ల కిందికి, స్పిండిల్ నోట్లోకి, ఒక్కోసారి నీ కంట్లోకి. ముందు బ్రష్షు, తర్వాత గుడ్డ, చివర గోరు. ఇవన్నీ స్పిండిల్ పూర్తిగా ఆగాకే. తిరిగే చక్కు దగ్గరికి గుడ్డ పోనివ్వకు, చేతికి గ్లౌజు వేసుకుని పోకు. తిరిగేది గుడ్డను పట్టుకుంటే చేతిని కూడా లాక్కుపోతుంది. డోరు ఇంటర్‌లాక్‌ని ఎవరైనా బైపాస్ చేసి ఉంటే సరిచేయించు. అడగడానికి మొహమాటం ఎందుకు? నీ పది వేళ్ళూ నీకు కావాలి, మాకు ఇంకా ఎక్కువ కావాలి.

తుడవడం తర్వాత వేడి. కొలతల ప్రపంచం మొత్తం ఒప్పుకున్న ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. మన ఒంగోలులో మే నెలలో నీడ పట్టున కూడా ఆ అంకె దొరకదు. ఉక్కు మీటరు పొడవుకు, డిగ్రీకి సుమారు పదకొండున్నర మైక్రాన్లు సాగుతుంది. 100 మిల్లీమీటర్ల డయా ఉన్న జాబ్ కోతలో వేడెక్కి 50 డిగ్రీలుంటే, 30 డిగ్రీల తేడాకు దాదాపు 35 మైక్రాన్లు పెరిగి కనిపిస్తుంది. ఆ సైజుకు హెచ్7 టాలరెన్స్ మొత్తమే 35 మైక్రాన్లు. అంటే చేతికి కాలే జాబ్‌ని కొలిచి ఓకే అంటే, చల్లారేసరికి అది నీ మాట తప్పుతుంది. అల్యూమినియం దీనికి రెట్టింపు సాగుతుంది. కూలెంట్‌లో ముంచి, తుడిచి, కొంచెం ఆగి కొలువు. చూశావా, ఇక్కడ కూడా తుడవడమే.

మిగతావి నీకు బాగా తెలుసు, గుర్తుచేసి వదిలేస్తా. కొత్త సెట్టింగులో మొదటి పీసు సింగిల్ బ్లాక్‌లోనే నడుపు. ర్యాపిడ్ 25 శాతానికి తగ్గించు, వేలు ఫీడ్ హోల్డ్ మీద ఉంచు. టూలు జాబ్ ముందు ఆగినప్పుడు స్క్రీన్ మీద ఇంకా ఎంత దూరం వెళ్ళాలో చూపిస్తుంది కదా, ఆ అంకెను కంటికి కనిపించే ఖాళీతో పోల్చు. కుదరకపోతే ముందుకు పోకు. ఎక్స్ 50 అని రాసి చుక్క మరిస్తే, పారామీటరును బట్టి మిషను దాన్ని 50 మైక్రాన్లుగా చదవొచ్చు. కోత వేగాన్ని ఒకేలా ఉంచే జి96 పెట్టినప్పుడు పైన జి50తో స్పీడుకు హద్దు కట్టు. నిమిషానికి 200 మీటర్ల కోత వేగం 50 డయా దగ్గర 1273 చుట్లు, 10 డయా దగ్గర 6366 చుట్లు. ఫేసింగులో మధ్యకు పోయేకొద్దీ స్పిండిల్ ఇంకా ఇంకా పరిగెడుతుంది. హద్దు లేకపోతే జాబ్ చక్కులో నిలవదు.

ఇంత తెలివిగల మిషన్లు వచ్చాక కూడా ఈ గుడ్డ గొడవ ఏమిటని నీకు అనిపించొచ్చు. 1952లో అమెరికాలో ఎంఐటీ వాళ్ళు చిల్లుల కాగితపు టేపుతో మిల్లింగ్ మిషను నడిపి చూపించారు. మన జిల్లాకు ప్రకాశం పంతులు గారి పేరు పెట్టిన 1972లోనే, జపానులో ఫానక్ అనే కంపెనీ ఫుజిట్సు నుంచి వేరుపడింది. ఈరోజు నీ చేతి కింద ఉన్న కంట్రోలు ఆ కొమ్మదే. ఇన్నేళ్ళలో టేపు పోయింది, స్క్రీన్ వచ్చింది, టూలు పొడవును తనే కొలుచుకునే ప్రోబులు వచ్చాయి. కానీ మామూలు షాపులో, జాబ్ నిజంగా మెట్టుకు ఆనిందా లేదా అని మిషనుకు చెప్పేవాడు ఇప్పటికీ సెట్టరే. జి54లో జాబ్ జీరోగా నువ్వు పెట్టిన అంకెను అది దేవుడి మాటలా నమ్ముతుంది. ఆ నమ్మకానికి తగినట్టు జాబ్‌ని కూర్చోబెట్టడం నీ పని. 1968లో ఐక్యరాజ్యసమితి సాయంతో పెట్టిన బాలానగర్ సీఐటీడీలో చదువుకుని వచ్చిన వాడివి, నీకు ప్రోగ్రాము చెప్పే అర్హత నాకు లేదు. గుడ్డ పట్టుకోవడం మాత్రం చెప్పగలను.

చీమకుర్తి క్వారీల నుంచి మన షెడ్డుకు వచ్చే బేరింగ్ హౌసింగులు నీకు తెలుసుగా, రాతి బురద అట్టలు కట్టి వస్తాయి. కుర్రాళ్ళు వాటిని కడగకుండానే వైస్‌లో పెట్టబోతారు. నేను ఆపుతా. వాళ్ళకు చాదస్తంలా కనిపిస్తా. కడిగి, తుడిచి, బిగించిన హౌసింగు మళ్ళీ మన గుమ్మం తొక్కదు. అదే నాకు కూలి కన్నా ఎక్కువ.

ఇంకొకటి, ఇది పెద్ద మాటే. సైజు అనుమానంగా ఉన్న పీసుల్ని మంచివాటిలో కలపకు. వేరే ట్రేలో పెట్టి, చీటీ రాసి, పొద్దున ఫోర్‌మన్‌కి నువ్వే చూపించు. తిడతాడు, తిట్టనీ. నీ చీటీని నమ్మొచ్చని ఆయనకు తెలిశాక, ఆ షాపులో నీ మాటకు విలువ వస్తుంది.

మీ అత్త కందిపొడి, నెయ్యి పార్సిల్ కట్టింది. గురువారం బస్సులో వేస్తా. దానితో పాటు మీ అమ్మ కుట్టిన గుడ్డలు ఒక కట్ట పంపుతున్నా. ఎందుకని అడిగింది, మిషను తుడవడానికన్నా. ఇంకేం అడగకుండా రాత్రి కూర్చుని కుట్టేసింది. వాటిని వాడు, దాచుకోకు.

ఇప్పుడు నీకు ఒక పని పెడుతున్నా. అదే బుష్‌ని మళ్ళీ ఎక్కించినప్పుడు మొదటి పీసుకు సైజు కుదిర్చి, ఆ తర్వాత పది పీసులు ఆఫ్‌సెట్ ముట్టుకోకుండా తిప్పు. ప్రతి జాబ్‌కీ జా తుడిచి, గోరు లాగి, అప్పుడే బిగించు. చల్లారాక మూడేసి చోట్ల కొలిచి, కొలతలన్నీ వరసగా కాగితం మీద రాసి నాకు పంపు. దూకుడు ఆగితే ఆ గోలంతటికీ మూలం మురికే. ఆగకపోతే ఆ అంకెలు చూసి చక్కు ప్రెషరు సంగతి ఇద్దరం కలిసి ఆలోచిద్దాం. బాగా వచ్చినవే ఏరి పంపకు, పదీ పంపు.

ఇట్లు,
నీ మామయ్య