అణుబాలుడు - సమరసేనుడు

1947వ సంవత్సరము జనవరి మాసమున జపాను దేశమందలి ఒసాకా నగరములో ‘కొత్త నిధిద్వీపము’ అను అర్థము గల పేరుతో ఒక బొమ్మలకథ వెలువడెను. దానికి బొమ్మలు గీచినవాడు ఒసాము తెజుకా అను పదునెనిమిదేండ్ల వైద్యవిద్యార్థి. ఆ సంవత్సరమే జూలైలో మద్రాసు నుండి ‘చందమామ’ తొలి సంచిక వచ్చెను. దాని స్థాపకులలో ఒకరైన చక్రపాణి స్వస్థలము కృష్ణా డెల్టాలోని తెనాలి. ఈ రెండు ప్రయత్నములకు ఒకదానితో నొకటికి సంబంధము లేదు. అయినను వాని వెనువెంటనే రెండు దేశముల పిల్లలకును నెలనెలా ఎదురుచూచుటకు కొందరు వీరులు లభించిరి.

జపాను వీరుని కథ మొదట చెప్పవలెను. 1945లో ఒసాకాపై బాంబులు కురిసినప్పుడు తెజుకా ఆ మంటలను కన్నులార చూచెను. ఆ యేడే హిరోషిమా, నాగసాకి నగరములు అణుబాంబులకు నాశమయ్యెను. అట్టి దేశమున 1951లో ఆయన సృష్టించిన బాలవీరుని పేరు ‘అతోము’, అనగా అణువు! మరుసటి యేటి నుండి ‘ఉక్కుబాహువుల అణువు’ అను అర్థము గల పేరుతో వాని కథ ‘షోనెన్’ అను బాలల మాసపత్రికలో 1968 వరకు సాగెను.

తెన్మా అను శాస్త్రజ్ఞుని కుమారుడు వాహనప్రమాదమున మరణించును. పుత్రశోకము భరింపలేక ఆయన అచ్చముగా ఆ బాలుని పోలిన యంత్రబాలుని నిర్మించును. కొంతకాలము తండ్రికి సంతోషమే. కాని యంత్రమునకు ఎదుగుదల లేదు గదా! ఎంతకాలము గడచినను వాడు అంగుళమైనను పెరుగడు. తండ్రికి విసుగు పుట్టి వానిని సర్కసువారికి అమ్మివేయును. ఒచనొమిజు అను మరియొక శాస్త్రజ్ఞుడు వానిని విడిపించి ఆదరించును.

ఆ బాలునికి లక్ష గుఱ్ఱముల బలము కలదు, ఆకాశమున ఎగురగలడు. పిల్లలను ఆకర్షించినది ఈ బలమేయని పెద్దలు తలచుట కద్దు. అది సగము మాత్రమే నిజము. వాడు తండ్రియే కాదన్నవాడు. మనుష్యుల కొరకు పోరాడినను మనుష్యులలో పూర్తిగా చేరలేనివాడు. అయినను తోటిపిల్లలతో కలిసి బడికి పోవువాడు. అంతటి బలవంతుడును ఒంటరివాడు కావచ్చునని చదువరికి తెలియును. యంత్రములను బానిసలుగా చూచు మనుష్యులకును, మనుష్యులను ద్వేషించు యంత్రములకును నడుమ నిలిచి వాడు పడు బాధయే ఆ కథలకు ప్రాణము. పోరులో గెలిచిన పిమ్మట వాడు సంతోషింపని ఘట్టములును కలవు.

1956లో అదే పత్రికలో మిత్సుతెరు యొకొయామా ‘ఇనుపమనిషి 28’ కథను ఆరంభించెను. యుద్ధము కొరకు నిర్మింపబడిన ఆ మహాకాయమునకు స్వంతబుద్ధి లేదు. దూరము నుండి దానిని నడపు చిన్నపెట్టె ఎవరి చేతనున్న వారిదే ఆజ్ఞ. షోతారో అను బాలుని చేతనున్నంతకాలము అది రక్షకుడు. దొంగ చేతబడినచో రాక్షసుడు.

ఇక తెలుగునాటి వీరుడు. 1954లో ‘చందమామ’లో ‘తోకచుక్క’ ధారావాహిక ప్రారంభమయ్యెను. దానిని రచించిన దాసరి సుబ్రహ్మణ్యము 1932లో తెనాలి ప్రాంతమందలి చినగాదెలవర్రులో జన్మించెను. ఇందు యంత్రములు లేవు, మంత్రములు కలవు. కాని సేనాని సమరసేనునికి మంత్రమును రాదు, మాయయు రాదు. ఏకాక్షి, చతుర్నేత్రుడు అను ఇరువురు మాంత్రికుల పగ నడుమ చిక్కిన అతనికి ధైర్యమును, యుక్తియు మాత్రమే ఆయుధములు. అణుబాలుని చదివిన పిల్లవాడు “నాకంత బలమున్న ఎంత బాగుండును!” అనుకొనును. సమరసేనుని చదివినవాడు “అక్కడ నేనుండిన ఏమి చేసియుందును?” అని ఆలోచించును. ఈ రెండవ ఆలోచన మొదటిదానికి తీసిపోవునది కాదు. కథ ఏదో యొక ఆపద యొద్ద ఆగిపోవును. మాంత్రికుల రూపములను ‘చిత్రా’ గీచిన బొమ్మలు కన్నులలో నిలిపియుంచును. తరువాతి సంచిక వచ్చుటకు ఇంకను నెల!

ఒక్క విషయమున మాత్రము రెండు దేశముల రీతులు వేరు. తెజుకా పేరు జపానులో ఇంటింటికిని తెలియును. ఆయన తన కథలలో తన రూపమును కూడ సరదాగా చిత్రించుకొనెడివాడు. సుబ్రహ్మణ్యము ‘చందమామ’ కార్యాలయమున ఏండ్ల తరబడి పనిచేసి, పదికి మించిన ధారావాహికలు వ్రాసెను. వానిపై ఆయన పేరు అచ్చుకాలేదు. సమరసేనుని వెంట ద్వీపములు తిరిగిన బాలురలో పలువురు ఆ రచయిత పేరును తాము పెద్దవారైన పిమ్మటనే వినిరి. ఆయన 2010లో విజయవాడలో కన్నుమూసెను.