వృషభము - రాష్ట్రశాసనము



‘బసవ’ నామము ‘వృషభ’ శబ్దమునుండి పుట్టినదని పండితులు చెప్పుదురు. పాల్కురికి సోమనాథుడు బసవేశ్వరుని నందికేశ్వరుని అవతారముగనే కీర్తించెను. అట్టి వృషభమును గూర్చి శాసనమేమనుచున్నదో మన యిండ్లలో ఎరిగినవారు అరుదు.

పశుసంరక్షణము రాష్ట్రముల అధికారమునకు లోబడిన విషయము. కావుననే ఒక్కొక్క రాష్ట్రమున ఒక్కొక్క విధి. మన శాసనము 1977 నాటిది. ఆవును, దాని దూడను, గేదె దూడను వధించుట పూర్తిగా నిషిద్ధము. ఎద్దు మాటయో? అధికారి ధ్రువపత్రమున్నచో వధింపవచ్చును. సేద్యమునకుగాని, సంతానోత్పత్తికిగాని పనికివచ్చు పశువునకు ఆ పత్రము నీయరాదు. అతిక్రమించినవారికి ఆరు నెలల వరకు ఖైదు, లేక వేయి రూపాయల వరకు జరిమానా, లేక రెండును. అనగా ఆవునకు రక్ష జన్మముచేతను, ఎద్దునకు రక్ష పనిచేతను కలుగుచున్నవి. ఈ భేదము నాకు రుచింపదు.

ఈ భేదమునకు మూలము 1958లో సుప్రీంకోర్టు ఖురేషీ వ్యాజ్యమున నిచ్చిన తీర్పు. పనికిరాని ఎద్దును సైతము వధింపరాదనుట యుక్తము కాదని నాడు న్యాయమూర్తులు తలచిరి. 2005లో గుజరాతు శాసనమును విచారించిన ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము అధికసంఖ్యాకుల అభిప్రాయముతో దానిని మార్చెను. ముసలి ఎద్దు పేడయు, మూత్రమును పొలమునకు ఎరువగుచుండగా అది నిరుపయోగమెట్లగునని వారి వాదము. బసవేశ్వరుని కర్మభూమియగు కర్ణాటకమున 2021లో అమలునకు వచ్చిన శాసనము ఏ వయసు ఎద్దునైనను వధింపరాదనినది; పదమూడేండ్లు దాటిన గేదెలను, దున్నలను మాత్రము మినహాయించినది. మన 1977 శాసనమున ఎద్దు సంగతి పూర్వమువలెనే యున్నది.

దేవాలయములలో జంతుబలిని నిషేధించు 1950 నాటి శాసనమును ఇచట స్మరింపదగును. దయయే ధర్మమునకు మూలమని బసవేశ్వరుడు బోధించిన ఎనిమిది శతాబ్దములకు గాని అది రాలేదు.

అయినను శాసనము గడ్డి వేయదు. మా ఎ.కొండూరు వంటి మెట్టప్రాంతపు సన్నకారు రైతు ట్రాక్టరుతో దున్నించుకొనుచు, కాడి దిగిన ఎద్దును ఎన్నేండ్లు మేపగలడు? ఏరువాక పున్నమినాడు కొమ్ములకు రంగు పూసిన చేతులే సంతలో దాని పగ్గమును కొనువానికి అందించుచున్నవి. వధించువానిని శాసనము పట్టుకొనును; అమ్మినవాడు మనలోనివాడే కావచ్చును. మఠములు గోశాలలను నెలకొల్పునపుడు పాలిచ్చు ఆవులతోపాటు ముసలి ఎద్దులకు ఎన్ని కట్టుకొయ్యలు కేటాయింపగలవో, వరిగడ్డిని ఏ భక్తులు పంపగలరో రాబోవు బసవజయంతి సభలో లెక్కవేయుదురుగాక.